కర్జత్‌లో వెనక తగిలే ఇంజను

బొంబాయి మిల్లుల్లో పనిచేసిన తెలంగాణ నేత కుటుంబాల పిల్లలకు ఎండాకాలం సెలవులంటే ఊరు. ఆ ఊరికి దారి బొంబాయి, పూణేల మధ్య సహ్యాద్రి కొండలెక్కే భోర్ ఘాట్ మీదుగా. సిరిసిల్ల వెళ్లాల్సిన మేము వీటీ (విక్టోరియా టెర్మినస్) స్టేషన్‌లో హైదరాబాద్ బండి ఎక్కేవాళ్లం. దాదర్, ఠాణే, కల్యాణ్ దాటేదాకా అది రోజూ చూసే లోకల్ రైళ్ల దారే కాబట్టి కిటికీ దగ్గర కూర్చోవాలని కూడా అనిపించేది కాదు. మాకు అసలు ప్రయాణం ఘాట్ కింద ఉన్న కర్జత్‌లో మొదలయ్యేది. అక్కడ బండి ఆగి, వెనక ఇంకో ఇంజను వచ్చి తగిలిందంటే ఇక బొంబాయి వదిలినట్టే.

ఆ వెనక ఇంజను గురించి రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. రైళ్లంటే ఇష్టపడేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆవిరి ఇంజన్ల గురించి, బొంబాయి-పూణే మధ్య నడిచే డెక్కన్ క్వీన్ రైలు గురించి ఎంతైనా చెబుతారు. కానీ పుట్టుకే ఘాట్ కోసమన్నట్టు తయారై, బతుకంతా ఘాట్ ఎక్కుతూ దిగుతూ గడిపిన ఈ ఇంజన్ల మాట ఎక్కడా వినపడదు. నాకది బాధగానే ఉంటుంది.

నేను చెబుతున్నది 1970ల మొదటి సంవత్సరాల మాట. రైల్వే లెక్కల్లో దాని పేరు డబ్ల్యూసీజీ-1. అంతకుముందు ఇంగ్లీషువాళ్ల నాటి జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే కాలంలో ఈఎఫ్/1 అనేవారు. రైల్వే పనివాళ్లు మాత్రం ఖేకడా అనేవాళ్లు, అంటే పీత. చూస్తే మామూలు కరెంటు ఇంజనులా ఉండదు. నడుమ ఒక గది, దానికి అటూ ఇటూ పొడుగ్గా, ఎత్తు తక్కువగా చాచిన రెండు ముక్కులు. నెత్తిన తీగని అందుకునే రెండు పాంటోగ్రాఫ్‌లు. ఒక్కో ముక్కు కింద ఒక్కో పక్క మూడేసి పెద్ద చక్రాలు, ఆ మూడింటినీ కలుపుతూ లావుపాటి ఉక్కు రాడ్డు. పొగ ఉండదు, బొగ్గు ఉండదు, కానీ రాడ్లు మాత్రం ఆవిరి ఇంజనుకున్నట్టు పైకీ కిందకీ తిరుగుతుంటాయి. అప్పటికే వాటి వయసు నలభై ఏళ్లు దాటింది. దుమ్ము, నూనె పట్టి అసలు రంగేదో చెప్పడం కష్టం.

కర్జత్‌లో బండి ఆగగానే మా బాపు దిగేవాడు. పెద్దవాళ్లంతా వడాపావ్ కోసం దిగితే ఆయన తిన్నగా చివరి డబ్బా వైపు నడిచేవాడు, వెనకే నేను. అమ్మ కిటికీలోంచి "బండి పోతది, జల్ది రాండ్రి" అని అరుస్తూనే ఉండేది. బాపు మిల్లులో వీవింగ్ డిపార్ట్‌మెంట్‌లో జాబర్, అంటే మగ్గాల మేస్త్రీ. లూమ్ ఆగితే ఎక్కడ పట్టేసిందో చప్పుడు విని చెప్పేవాడు. యంత్రం దేన్ని చూసినా ఆయన కళ్లు ముందు తిరిగే భాగం మీదికే పోయేవి. ఇంజను నెమ్మదిగా వెనక్కి వస్తుంటే ఆ రాడ్డు వైపు చూపించి, "సూడు బిడ్డా, మన లూమ్‌కి క్రాంకు లెక్కనే. మోటరు తిప్పుతది, క్రాంకు దొబ్బుతది" అనేవాడు.

నిలబడి ఉన్నప్పుడు ఆ ఇంజను మూలుగుతున్నట్టుగా ఒక వింత శబ్దం చేసేది. నడిచేటప్పుడు ఆ మూలుగు పోయి, రాడ్ల దగ్గర నుంచి సుయ్ సుయ్ మని వేరే చప్పుడు. డీజిల్ ఇంజను రొద విన్న చెవులకి అది చాలా మెత్తగా వినపడేది. దగ్గరికి వెళితే వేడి గ్రీజు వాసన. బఫర్లు తగిలినప్పుడు డబ్బా అంతా ఒక్కసారి కదిలేది. పనివాడు మధ్యలోకి దూరి కప్లింగ్ వేసి, గొట్టాలు కలిపి బయటకొచ్చేవాడు. తరవాత ముందు ఇంజను కూత వేస్తే వెనకది బదులు కూసేది. ఆ రెండో కూత వినపడితేనే బండి కదులుతుంది. మేము పరుగెత్తి డబ్బాలోకి ఎక్కేవాళ్లం.

అసలు ఈ హంగామా ఎందుకంటే, కర్జత్ నుంచి లోణావళా దాకా ఉన్న ఘాట్‌లో ఎత్తు 37కి 1. ముప్పై ఏడు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. మన కాళ్లకి ఇదేమంత ఎత్తు కాదు. రైలుకి మాత్రం నూటికి ఒకటే కష్టం, ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం కదా, జారిపోతుంది. లెక్క వేసుకుంటే తెలుస్తుంది: ఈ ఎత్తు మీద ప్రతి 37 టన్నుల బరువుకీ ఒక టన్ను బలం, బండి కిందికి జారకుండా ఆపడానికే సరిపోతుంది. 740 టన్నుల బండి అయితే 20 టన్నుల బలం అక్కడే పోయింది. కదిలించడానికి అయ్యేది దానిపైన. అంత బలాన్నీ ముందు ఇంజను ఒక్కటే లాగితే డబ్బాల మధ్య కప్లింగులు తెగే ప్రమాదం ఉంది. అందుకే వెనక నుంచి నెట్టే ఇంజను కావాలి. దీన్నే బ్యాంకర్ అంటారు. నాసిక్ వైపు కసారా నుంచి ఇగత్‌పురి ఎక్కే థళ్ ఘాట్‌లో కూడా ఇదే ఎత్తు, అక్కడా ఇదే పద్ధతి.

భోర్ ఘాట్ దారిని 1856లో మొదలుపెట్టి 1863లో పూర్తి చేశారు. జీఐపీ రైల్వే చీఫ్ ఇంజనీరు జేమ్స్ బర్క్‌లీ. కాంట్రాక్టు తీసుకున్న సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో ఇండియాకి వచ్చిన కొద్ది రోజులకే చనిపోతే, ఆయన భార్య ఆలిస్ ఆ కాంట్రాక్టు నిలబెట్టి పని పూర్తి చేయించింది. పని జోరుగా సాగిన 1861లో కొండ మీద 42,000 మంది కూలీలు ఉండేవారట. కలరాకీ, జ్వరాలకీ, రాళ్లు పేలినప్పుడూ వేల మంది పోయారు. ఆ సొరంగాల్లోంచి వెళ్తూ మేము పిల్లలం చెవులు పగిలేలా అరిచేవాళ్లం. ఇప్పుడు ఆ సొరంగాల్లోకి బండి దూరినప్పుడల్లా నాకు ఆ కూలీలే గుర్తొస్తారు. ఎవరి పేర్లూ ఎక్కడా రాసి లేవు.

ఆ కాలంలో ఘాట్ మధ్యలో రివర్సింగ్ స్టేషన్ ఉండేది. బండి ఒక దిక్కుగా ఎక్కి, ఆ స్టేషన్‌లో ఆగి, ఇంజను ఈ చివర నుంచి ఆ చివరకు మారి, మళ్లీ ఎదురు దిక్కుగా ఎక్కాలి. ఆ స్టేషన్‌లో పట్టినంత పొడుగు బండే ఘాట్ ఎక్కగలదు. ఆవిరి ఇంజన్లు సొరంగాల్లో పొగ నింపుకుంటూ ప్రాణం పెట్టి ఎక్కేవి. బొంబాయి రేవుకి సరుకు పెరిగిపోతుంటే ఈ రెండు ఘాట్‌లే అడ్డమయ్యాయి. కరెంటు పెట్టాలన్న ఆలోచనకి పెద్ద కారణం అదే.

1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ నుంచి కుర్లా దాకా దేశంలోనే మొదటి కరెంటు రైలు నడిచింది. దాన్ని ప్రారంభించినవాడు అప్పటి బొంబాయి గవర్నరు సర్ లెస్లీ విల్సన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. అక్కడి నుంచి తీగలు కల్యాణ్ దాటి ఘాట్ వైపు సాగాయి. 1500 వోల్టుల డీసీ. రైల్వేవాళ్లు కల్యాణ్ పక్కన ఠాకుర్లీలో సొంతంగా పవర్ హౌస్ కట్టుకున్నారు. 1929లో ఘాట్‌లో కొత్త దారి వేసి రివర్సింగ్ స్టేషన్ తీసేశారు. అదే సంవత్సరం కరెంటు పూణే చేరింది, 1930లో ఇగత్‌పురి చేరింది. 1930 జూన్ 1న డెక్కన్ క్వీన్ మొదలైంది, అది అందరికీ తెలిసిందే.

సరుకు బండ్లకి, ఘాట్‌కి కావలసిన ఇంజను కోసం జీఐపీ రైల్వే స్విట్జర్లాండ్ వైపు చూసింది. చూడక తప్పదు కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో స్విట్జర్లాండ్‌కి బొగ్గు దొరక్క రైళ్లు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆ దెబ్బతో వాళ్లు కొండల్లో ఉన్న నీళ్లతో కరెంటు చేసి, ఆల్ప్స్ పర్వతాల మీదుగా పోయే గొట్టార్డ్ లైనుకి కరెంటు పెట్టుకున్నారు. దాని కోసం వింటర్‌థూర్‌లోని ఎస్ఎల్ఎం కంపెనీ, ఓర్లికాన్ కంపెనీ కలిసి 1919 నుంచి తయారుచేసినవే క్రొకడైల్ అని లోకమంతా పిలిచే ఇంజన్లు. వాటి మోడల్ పేరు సీఈ 6/8. అందులో రెండో రకం 33, తరవాత మూడో రకం 18 చేశారు. ఆ గొట్టార్డ్ కొండదారి ఎత్తు వెయ్యికి 26, 27. మన 37కి 1ని అదే లెక్కలోకి మార్చి చూడండి, వెయ్యికి 27 వస్తుంది! ఎక్కడి ఆల్ప్స్, ఎక్కడి సహ్యాద్రి! ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అలా 1928, 29ల్లో 41 ఇంజన్లు వచ్చాయి. మొదటి పది వింటర్‌థూర్‌లో ఎస్ఎల్ఎం చేసింది. మిగతా 31 ఇంగ్లండ్‌లోని వల్కన్ ఫౌండ్రీలో తయారయ్యాయి. లోపలి కరెంటు సామాను మెట్రోపాలిటన్ వికర్స్ వాళ్లది. ఒక్కో ఇంజను బలం 2600 హార్స్‌పవర్, బరువు సుమారు 125 టన్నులు, గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. మొదటి వాటిలో ఒకదానికి సర్ లెస్లీ విల్సన్ అని పేరు పెట్టారు.

ఇది గొట్టార్డ్ ఇంజనుకి నకలేమీ కాదు. రూపం, ఆలోచన అక్కడివి. పనితీరు మాత్రం మన ఘాట్‌కి తగ్గట్టు మార్చిందే. స్విస్ ఇంజనుకి రెండు చివర్లా ఒక్కో జత చిన్న చక్రాలు ఉంటాయి. అవి బరువు మోస్తాయి, లాగవు. మన ఈఎఫ్/1కి అవి లేవు. ఉన్న ఆరు ఇరుసులూ లాగేవే, 125 టన్నులూ లాగే చక్రాల మీదే. చక్రం మీద బరువు ఎంత ఉంటే పట్టా మీద పట్టు అంత. అక్కడ తీగలో 15,000 వోల్టుల ఏసీ కాబట్టి నడుమ గదిలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఇక్కడ డీసీ కాబట్టి ఆ బరువు, ఆ గొడవ రెండూ లేవు.

రాడ్లు ఎందుకు అన్న ప్రశ్న నన్ను చిన్నప్పుడు చాలా వేధించింది. కరెంటు ఇంజనుకి ఒక్కో ఇరుసుకీ ఒక్కో మోటరు పెడితే సరిపోతుంది కదా, లోకల్ రైళ్లకి అలాగే ఉంటుంది. దీనికి జవాబు చెప్పినవాడు కల్యాణ్ షెడ్‌లో ఫిట్టరుగా పనిచేసిన మా మేనమామ. సెలవు రోజున మా చాల్‌కి (మిల్లు కార్మికులుండే గదుల వరుస) వచ్చేవాడు. బాపు, ఆయన కూర్చుంటే అమ్మ చాయ్ పెడుతూ, "మళ్ల షురూ అయింది మీ ముచ్చట" అని విసుక్కునేది. వాళ్లిద్దరూ చాయ్ కప్పులు పక్కన పెట్టి చాక్‌పీసుతో నేల మీద బొమ్మలు గీసుకునేవాళ్లు.

మామ చెప్పింది ఇది. అప్పటి మోటార్లు చాలా పెద్దవి, చక్రాల మధ్య కింద పట్టవు. పట్టినా వానాకాలం ఘాట్‌లో పట్టాల మీద నీళ్లు పారుతుంటాయి కాబట్టి తడిసి పాడవుతాయి. అందుకని ఒక్కో ముక్కు లోపల రెండు చొప్పున నాలుగు మోటార్లు చక్రాలకి పైన పెట్టారు. ఆ రెండు మోటార్లూ గేర్ల ద్వారా జాక్‌షాఫ్ట్ అనే ఒక అడ్డ ఇరుసుని తిప్పుతాయి. జాక్‌షాఫ్ట్‌కి చక్రాలుండవు, అది పట్టాని తాకదు. దాని చివర ఉన్న క్రాంకు నుంచి రాడ్డు వెళ్లి మూడు చక్రాలనీ కలిపి తిప్పుతుంది. ఇందులో ఇంకో మేలుంది. ఘాట్‌లో ఒక చక్రం నూనె మరక మీదో, తడి ఆకుల మీదో జారబోతే, మిగతా రెండూ రాడ్డుతో దాన్ని పట్టుకుంటాయి. విడిగా తిరిగే చక్రమైతే జారిందంటే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, బండి ఆగిపోతుంది. "మూడు కల్సి జారాలె గని ఒక్కటి జారదు రా" అనేవాడు మామ.

ముక్కులు విడిగా ఎందుకున్నాయంటే, ఘాట్ అంతా వంపులే. నిండు ఇంజను ఒకే పెట్టెలా ఉంటే ఆ వంపుల్లో తిరగదు. అందుకని మూడు ముక్కలుగా చేశారు. వంపు వచ్చినప్పుడు ముందు ముక్కు పట్టా ఎటు తిరిగితే అటు తిరుగుతుంది, నడుమ గది దాని మీద కీలు మీద ఆనుకుని వస్తుంది. చివరి డబ్బా తలుపు దగ్గర నిలబడి ఇది చూసే అదృష్టం ఒకసారి దక్కింది. ఘాట్‌లోని ఠాకుర్‌వాడీ దాటాక ఒక పెద్ద వంపులో, మా వెనకే, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో ఆ ముక్కు పక్కకి తిరిగి ఉంది, డ్రైవరున్న గది ఇంకో వైపుకి చూస్తోంది. డ్రైవరు మెడ చాపి మా డబ్బా పక్క నుంచి ముందుకు చూస్తున్నాడు. ఆ పొడుగు ముక్కు మీదుగా ఆయనకి కనపడేది మా డబ్బా వెనక గోడ ఒక్కటే. ఘాట్ మొత్తం ఆయన అలా గోడ చూస్తూ, కూతలు వింటూ నెట్టాల్సిందే. ముందున్నవాడు ఎంత లాగుతున్నాడో లెక్క చూసుకుని దానికి తగ్గట్టు బలం ఇవ్వాలి. ఎక్కువ నెడితే ప్రమాదం, తక్కువ నెడితే బండి ఆగిపోతుంది. అంత టెన్షన్ పడి పనిచేసి, లోణావళాలో విడిపోయి, మళ్లీ ఖాళీగా కర్జత్‌కి దిగి, ఇంకో బండి వెనక తగలాలి. రోజంతా ఇదే పని. ప్రయాణికుల్లో చాలామందికి ఆయన అక్కడ ఉన్నట్టు కూడా తెలియదు.

లోణావళాలో చిక్కీ కొనేవాళ్లం, అది వేరే చెప్పాలా. నేను మాత్రం ఇంజను విడిపోయేది చూసొచ్చాకే చిక్కీ దగ్గరికి. బండి ఘాట్ మీదికి వచ్చేసరికి గాలి చల్లబడేది. అమ్మ ముఖంలో మార్పు కనపడేది. ఆమెకి బొంబాయి ఎన్నడూ నచ్చలేదు. లోణావళా దాటాక సద్ది మూట విప్పి, ఊళ్లో ముందు ఎవరింటికి పోవాలో, ఎవరికేమి తెచ్చామో చెప్పడం మొదలుపెట్టేది. పూణేలో కరెంటు ఇంజను పోయి వేరే ఇంజను వచ్చేది. తరవాత దౌండ్, షోలాపూర్. షోలాపూర్ ప్లాట్‌ఫారం మీద తెలుగు మాటలు వినపడితే మాకు ఇల్లు వచ్చేసినట్టే. వాడి, తాండూరు దాటి తెల్లారేసరికి సికింద్రాబాద్.

తిరుగు ప్రయాణం జూన్‌లో, బడులు తెరిచే ముందు. అప్పటికి ఘాట్‌లో వాన మొదలై ఉండేది. దిగడం ఎక్కడం కన్నా కష్టమని కూడా మామే చెప్పాడు. ఎక్కలేకపోతే బండి ఆగుతుంది, అంతే. దిగేటప్పుడు ఆపలేకపోతే ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. అందుకని దిగే దారిలో అక్కడక్కడ క్యాచ్ సైడింగులు ఉంటాయి. అసలు దారి పక్క నుంచి కొండ మీదికి ఎక్కే ఇంకో పట్టా. పాయింట్లు, అంటే దారి మార్చే పట్టాలు, మామూలుగా ఆ పట్టా వైపే తిప్పి ఉంచుతారు. బండి దాని ముందు ఆగి, తన బ్రేకులు పనిచేస్తున్నాయని చూపించుకుంటేనే అసలు దారి ఇస్తారు. బ్రేకు పట్టు తప్పిన బండి అయితే తిన్నగా ఆ ఎత్తు మీదికి పోయి, తన బరువుకే తాను ఆగుతుంది. మంకీ హిల్ దగ్గర అలా ఆగినప్పుడు పెద్దవాళ్లు సిగ్నల్ లేదేమో అనుకునేవాళ్లు. నేను మామ చెప్పినదంతా డబ్బాలో వాళ్లకి అప్పగించేవాణ్ని. కిటికీలోంచి కాలిన ఇనుము వాసన వచ్చేది, బ్రేకు బ్లాకుల వాసన.

ఈ బ్రేకుల విషయంలోనే ఈఎఫ్/1 గొప్పతనం ఉంది. దిగేటప్పుడు దాని మోటార్లే జనరేటర్లయ్యేవి. బండి బరువు చక్రాలని తిప్పితే, చక్రాలు మోటార్లని తిప్పితే, పుట్టిన కరెంటు మళ్లీ తీగలోకి పోయేది. అదే సమయంలో కింది నుంచి ఎక్కుతున్న ఇంకో బండికి ఆ కరెంటు అందుతుంది. దిగే బండి, ఎక్కే బండికి సాయం పట్టినట్టే. ఇవాళ కరెంటు కార్ల ప్రకటనల్లో ఇది కొత్త విద్యలా చెబుతుంటారు. భోర్ ఘాట్‌లో ఇది తొంభై ఏళ్లు దాటిన పాత విద్య.

ఘాట్‌కీ మా ఇంటికీ ఇంకో ముడి కూడా ఉంది, అది నాకు పెద్దయ్యాక తెలిసింది. లోణావళా చుట్టూ ఉన్న చెరువుల నీళ్లని గొట్టాల్లో కిందికి వదిలి, ఘాట్ పాదాన ఉన్న ఖోపోలీలో 1915లో టాటావాళ్లు కరెంటు తీయడం మొదలుపెట్టారు. ఆ కరెంటు ముందుగా పోయింది బొంబాయి బట్టల మిల్లులకే. బాపు మగ్గాలకి బతుకునిచ్చిన కరెంటుకి మొదలు, మేము సెలవులకి దాటే ఈ కొండే అన్నమాట.

ఇంకో తెలుగు గుర్తు కూడా అక్కడే ఉండేది. ఖండాలా దగ్గర రోడ్డు మీద ఇంగ్లీషువాళ్ల కాలపు రాతి వంతెన ఒకటి, దాని మీద అమృతాంజనం ప్రకటన ఉండడం వల్ల జనమంతా అమృతాంజన్ బ్రిడ్జి అనేవారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టింది బొంబాయిలోనే. పూణే వెళ్లే ప్రతివాడూ తెలియకుండానే ఒక తెలుగువాడి మందు పేరు చెప్పి ఆ మలుపు దాటేవాడు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సమయంలో దాన్ని పేల్చి తీసేశారు. టీవీలో ఆ వార్త చూసి ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఖేకడాల చివరి రోజులు చెప్పాలి. 1970 తరవాత చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూసీజీ-2లు 57 వచ్చాయి. వాటికి రాడ్లు లేవు, బలం ఎక్కువ, రెండు మూడు కలిపి ఒక్క డ్రైవరే నడపొచ్చు. నెమ్మది నెమ్మదిగా ఘాట్ పని వాటి చేతికి వెళ్లింది. ఖేకడాలు యార్డుల్లో డబ్బాలు అటూ ఇటూ జరిపే షంటింగ్ పనికి మళ్లాయి. 1990ల మొదట్లో అవీ ఆగిపోయాయి. అరవై ఏళ్లకి పైగా పనిచేసిన ఇంజన్లు!

మా కుటుంబానికి ఘాట్ అంతకన్నా ముందే ఆగింది. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల్లో సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికొచ్చారు. నెలలు గడిచినా తేలలేదు, చాలా మిల్లులు మళ్లీ తెరవనే లేదు. మా చాల్‌లో తెలుగువాళ్లు కొందరు భివండీ పవర్‌లూమ్‌లకి పోయారు, కొందరు ఊళ్లకి. బాపు సిరిసిల్లకే పోదామన్నాడు. సామానంతా మూటలు కట్టి ఎక్కిన ఆ ప్రయాణంలో కర్జత్‌లో ఆయన కిందికి దిగలేదు. నేనొక్కణ్నే వెనక్కి వెళ్లి చూశాను. కొత్త ఇంజను తగిలింది. తిరిగొచ్చి చెబితే, "రాడ్లు లేవా?" అని ఒక్క మాట అడిగాడు. సిరిసిల్లలో మళ్లీ లూమ్‌ల మధ్యనే బతికాడు. చప్పుడు వినే చెవి మాత్రం చివరిదాకా పోలేదు.

మా అమ్మాయి ఉద్యోగం చేసుకుంటూ జూరిచ్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు లూసర్న్ రవాణా మ్యూజియానికి తీసుకెళ్లింది. అక్కడ గొట్టార్డ్ క్రొకడైల్ ఉంది, తళతళలాడుతూ. చివరన ఆ చిన్న చక్రాలు చూసి, "మన దానికి ఇవి ఉండవమ్మా, మనవన్నీ లాగే చక్రాలే" అన్నాను. అమ్మాయి నవ్వింది కానీ, నేను జాక్‌షాఫ్ట్ దగ్గర వంగి చూపిస్తుంటే తనూ వంగి చూసింది. స్విస్‌వాళ్లు ఆ ఇంజన్లని ఎంత ప్రేమగా చూసుకుంటారంటే, కొన్నిటిని ఇప్పటికీ నడిచే స్థితిలో ఉంచి, ప్రత్యేక రైళ్లకి తీస్తారు. మన 41లో నడిచేది ఒక్కటీ లేదు. ఒక్కటైనా నడిచే స్థితిలో ఉంచి ఉండాల్సింది అని గట్టిగా అనిపిస్తుంది. 2016 నాటికి ముంబైలో 1500 వోల్టుల డీసీ పూర్తిగా పోయి 25,000 వోల్టుల ఏసీ వచ్చేసింది కాబట్టి, ఇప్పుడు బాగుచేసినా నడపడానికి తీగ లేదు. ఘాట్‌లో ఇప్పుడు నెట్టేవి ఏసీ ఇంజన్లు. కర్జత్‌లో బండి ఆగడం, వెనక తగలడం, ముందు కూత, వెనక బదులు కూత మాత్రం అలాగే ఉన్నాయి.

చూడాలనుకునేవాళ్లకి దారి చెబుతాను. ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉన్నది ఆ సర్ లెస్లీ విల్సనే. ముంబైలో అయితే వర్లీలోని నెహ్రూ సైన్స్ సెంటర్ ఆవరణలో ఒకటుంది. ఆ చుట్టుపక్కలే ఒకప్పుడు మన వాళ్లు పనిచేసిన మిల్లులు. పిల్లల్ని తీసుకెళ్లండి. ముందుగా పక్కకి వెళ్లి మూడు చక్రాలకీ ఉన్న రాడ్డు చూపించండి. తరవాత ఆ రాడ్డుకే తగిలి, పట్టాని తాకకుండా గాల్లో ఉన్న నాలుగో గుండ్రటి భాగం ఏదో వెతకమనండి. అదే జాక్‌షాఫ్ట్. అది దొరికాక మోటరు నుంచి చక్రం దాకా దారి వాళ్లకే అర్థమైపోతుంది.